పూడ్చిన మగ్గం గుంత

చనిపోయినవాళ్లు తిరిగొస్తారంటే నవ్వేవాణ్ణి. బడిలో సైన్సు చెప్తాను. కానీ నాకు జరిగినదాంట్లో, అది మొదలైనప్పటికి ఎవరూ చనిపోలేదు. అందుకే దేన్ని నమ్మకూడదో కూడా తెలియడం లేదు.

రెండేళ్ల కిందట ఎమ్మిగనూరులో, నేతవాళ్ల వీధిలో పాత మిద్దె కొన్నాను. ముందు గదిలో మగ్గం గుంత ఉండేది. నేసేవాళ్లు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున రెండు కర్రలు తొక్కేవాళ్లు. మగ్గం ఎప్పుడో తీసేశారు.

మేస్త్రి పని మొదలుపెట్టిన రోజే ఒక ముసలామె కుంటుకుంటూ వచ్చింది. పేరు ఈరమ్మ. భర్త పోయాక ఆ గుంతలో కూర్చుని నేస్తూనే కూతుర్ని పెంచిందట. మరుదులు ఇల్లు అమ్మేశాక ఆదోనిలో కూతురి దగ్గర ఉంటోంది.

"ఒక్కపారి ఆ గుంతలో కూసొని పోతానప్పా," అంది.

"పని జరుగుతాంది, రేపు రామ్మా," అన్నాను. ఇంట్లో తనకూ హక్కుందంటుందేమోనని నా భయం. ఆ సాయంత్రమే గుంత పూడ్పించి సిమెంటు వేయించాను.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. గడప దగ్గర నిలబడి తడి సిమెంటు చూసింది.

"నున్నగ చేపిచ్చినావు," అని వెనక్కి తిరిగింది. కూర్చోమని కూడా అనలేదు నేను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ గుంత పూడ్చిన చోటే కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "ఆ కాలు ఊపడం ఆపండి," అంది మా ఆవిడ. చూసుకుంటే నా ఎడమ కాలు ఒకసారి నేలను తొక్కి, పక్కకు జరిగి మళ్లీ తొక్కుతోంది. ఆపితే ఆగేది. మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని పనిలో పడగానే మళ్లీ మొదలయ్యేది. వేరే గదిలో కూర్చుంటే ఏమీ లేదు. డాక్టరు మాత్రలిచ్చాడు, తగ్గలేదు.

పక్కింటి నాగప్ప పాత నేతగాడు. ఒకరోజు మాటల మధ్యలో నా కాలు చూసి ఆగిపోయాడు.

"సార్, ఇది యాడ నేర్సినారు? మగ్గానికి రెండు కాళ్లూ ఆడల్ల. ఈరమ్మకు కుడికాలు సచ్చు. ఎడంకాలుతోనే రెండు కర్రలూ తొక్కేది. ఇంకెవురూ అట్ల తొక్కరు."

ఆ ఆదివారమే ఆదోని పోయాను. మధ్యాహ్నం మూడవుతోంది. ఈరమ్మ మంచం మీద నిద్రపోతోంది. దుప్పటి కింద ఎడమ పాదం కదులుతోంది. తొక్కి, జరిగి, తొక్కి.

"మీ ఇంటికి వచ్చిపోయినప్పటి నుంచి ఇంతే సార్. పగలు కునుకు తీస్తే సాలు," అంది కూతురు.

లేచేదాకా ఉండి క్షమించమని అడగాలనుకున్నాను. గుంత తవ్విస్తానని చెప్పాలనుకున్నాను. ధైర్యం చాలలేదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

పదిరోజులకు ఈరమ్మ చనిపోయింది. నా కాలు ఆ రోజే ఆగిపోయింది. ఎందుకు కదిలిందో, ఎందుకు ఆగిందో నాకు తెలీదు. ఇప్పటికీ మధ్యాహ్నాలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను, ఒక్కసారి కదిలితే బాగుండునని.