మూడు టీవీల్లో పడవపిల్ల

ఒకే కథను టీవీవాళ్లు మూడుసార్లు తీశారు. మూడుసార్లూ చెడగొట్టారు. మొదటిసారి చెడగొట్టింది టీవీవాళ్లా, మా పెదనాయన కూతురా అన్నది తేల్చుకోవడానికి మాత్రం నాకు ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది.

అది పిల్లల కథ. ఎక్కడో విదేశంలో సముద్రం ఒడ్డున పెద్ద ఇల్లు. ముగ్గురు అన్నాచెల్లెళ్లు పట్నం నుంచి సెలవులకు ఆ ఇంటికి వస్తారు. ఒక్కో సెలవుకు ఒక్కో పుస్తకం, మొత్తం పన్నెండు. దొంగసరుకు దింపేవాళ్లను పట్టుకుంటారు, గుహల్లో చిక్కుకుంటారు, పాత మ్యాపులు పట్టుకుని దీవులు తిరుగుతారు. వాళ్లను పడవలో తిప్పేది ఒక జాలరి కూతురు. నీళ్లు ఎప్పుడు పోటెత్తుతాయో తెలిసింది ఆమెకే. గుహలోంచి బయటపడే దారి తెలిసిందీ ఆమెకే. పుస్తకం చివర పోలీసులు వచ్చి మెచ్చుకునేది మాత్రం ఆ ముగ్గురిని. ఆ పిల్లకు పుస్తకాల్లో ఒక పేరుంది. మా ఇంటి పిల్లలం పడవపిల్ల అనేవాళ్లం. ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది.

మాది నగరి. నాయనా పెదనాయనా ఒకే ఇంటిని గోడ కట్టి పంచుకున్నారు. చెరొక మగ్గం. టీవీ మాత్రం పెదనాయన వైపే ఉండేది. మిద్దె మీద యాంటెన్నా మద్రాసు వైపు తిప్పి ఉండేది కాబట్టి మాకు ఏది వచ్చినా అరవంలోనే వచ్చేది. పడవపిల్ల కూడా మొదట అరవమే మాట్లాడింది. సరిహద్దు ఊళ్లో పుట్టినవాళ్లం, మాకు అది ఇబ్బంది కాలేదు.

ఇబ్బంది పెదనాయన పెట్టిన నిబంధనతో వచ్చింది. ఆదివారం పొద్దున సీరియల్ చూడాలంటే ఆయన ఇంట్లో గంపెడు కండెలు చుట్టాలి. నాడెలో పెట్టి నేసే దారాన్ని చిన్న కండెలకు చుట్టే పని అది. రాట్నం ముందు కూర్చుంటే పిల్లలైనా చేయగలరు. బొమ్మ చూస్తూ చుడితే దారం తెగుతుందని ఆయన, కూర్చుంటే మన వీపు టీవీ వైపు ఉండేలా రాట్నం వేయించాడు. ఆయన కూతురికి, అంటే నాకంటే మూడేళ్లు పెద్దదైన మా అక్కకు, ఈ పని లేదు. ఆమె చాప మీద కాళ్లు చాపుకుని, మురుకులు తింటూ చూసేది.

నేను చెవులతో చూశాను. తరవాత ఒక ఉపాయం దొరికింది. నా ఎదురు గోడకు దేవుడి పటం ఉండేది. దాని అద్దంలో, స్వామి పాదాల దగ్గర, టీవీ బొమ్మ చిన్నగా కనిపించేది. సముద్రం, లైట్‌హౌస్, పడవ, అన్నీ అరచేతిలో సగం అంత. ఆ మొదటి సీరియల్‌ను నేను అలా అద్దంలోనే చూశాను. పడవపిల్లగా వేసిన నటి ఎవరో తెలియదు, పెద్దగా మాట్లాడేది కాదు. ముగ్గురు పిల్లలూ వాగుతుంటే తెడ్డు వేస్తూ నీళ్లకేసి చూసేది. మూడింటిలోనూ పుస్తకానికి దగ్గరగా ఉన్నది ఆమే. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పన్నెండు పుస్తకాలూ చదివి చెబుతున్నాను.

చివరి భాగం వచ్చిన ఆదివారం తుఫాను సీను. పెద్దింటిని అమ్మేస్తున్నారు, ముగ్గురూ పట్నం వెళ్లిపోతున్నారు, పడవపిల్ల ఒక్కతే అలల్లో ఉంది. నేను అద్దం వైపు చూస్తూనే చుడుతున్నాను. నా పక్కన రెండు చిలపలు, అంటే దారం చుట్టలు, ఒకటి నల్లది, ఒకటి ముదురు ఆకుపచ్చ. ఆ గదిలో వెలుతురు తక్కువ. నల్ల కండెల గంపలోకి ఆకుపచ్చవి ఎన్ని వేశానో నాకు తెలియదు. అక్కకు తెలిసింది.

"నాయనా, ఇది నల్ల గంపలో పచ్చవి ఏస్తా ఉండాది సూడు," అంది.

పెదనాయన మగ్గం మీంచి లేచి వచ్చాడు. అప్పటికే ఒక కండె నాడెలోకి ఎక్కింది, నల్ల చీరలో నాలుగువేళ్ల వెడల్పున పచ్చ చార పడింది. ఆయన నన్ను కొట్టలేదు. జబ్బ పట్టుకుని గడప దాటించి తలుపు వేశాడు. వీధిలో ఆడుకుంటున్న పిల్లలందరూ చూశారు. లోపల అలల చప్పుడు వినిపిస్తూనే ఉంది, కాసేపటికి అది కూడా ఆగిపోయింది.

సాయంత్రం బోరింగు దగ్గర అక్కను అడిగాను, కడాకు ఏమైందని.

"మునిగి సచ్చిపోయింది," అంది, బిందె కింద చెయ్యి పెట్టి.

"ఎవురు?"

"పడవపిల్ల. పడవ బోర్లా పడింది. వాళ్లు ముగ్గురూ రైలెక్కి పొయ్యినారు."

"నిజంగానా?"

"నేను సూసినా గదా. నువ్వు సూసినావా?"

చూడలేదు. అందుకే నమ్మాను. నీళ్లలో కొట్టుకుంటున్న ఆ పిల్లను, నేను చూడని బొమ్మను, పదేళ్ల వయసు నుంచి మోశాను.

ఎనిమిదేళ్ల తరవాత తిరుపతిలో డిగ్రీ చదువుతుండగా కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకాలు కనిపించాయి. నేను ముందు పన్నెండోది తీశాను, అందులోనూ చివరి పేజీలు. పడవపిల్ల మునగలేదు. ముగ్గురూ మాతో పట్నం రమ్మని పిలుస్తారు. ఆమె రానంటుంది. పడవ తిప్పుకుని తన ఒడ్డుకు వెళ్లిపోతుంది. అంతే, పుస్తకం అయిపోతుంది.

ఆ సాయంత్రమే అక్కకు ఉత్తరం రాశాను. అప్పటికి ఆమెను బంగారుపాళ్యంలో మామిడితోటలున్న ఇంటికి ఇచ్చారు. మునిగిందని ఎందుకు చెప్పావు, సీరియల్‌లో అలా తీశారా, లేక నువ్వు కల్పించావా, ఈ ఒక్క సంగతి రాయమన్నాను. జవాబు రాలేదు. తరవాత పెళ్లిళ్లలో, కర్మల్లో ఎన్నోసార్లు కలిశాం. ఆమె పలకరించేది. నేను తల ఊపి, వడ్డనలో పని ఉన్నట్టు వెళ్లిపోయేదాన్ని. ఉత్తరానికి జవాబు రాయనివాళ్లతో ఊరగాయల గురించి మాట్లాడడం నాకు చేతకాదు.

ఆ మొదటి సీరియల్ మళ్లీ ఎక్కడా దొరకలేదు. నేను వెతకని చోటు లేదు.

రెండోసారి వచ్చింది కార్టూన్. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. తెలుగులోకి మార్చి వేశారని తెలిసి సంతోషంగా ఇద్దరం కూర్చున్నాం. ముగ్గురు అన్నాచెల్లెళ్లూ వార్తలు చదివినట్టు శుద్ధంగా మాట్లాడారు. పడవపిల్ల నోరు తెరిచింది. "ఏమప్పా, యాడికి పోతా ఉండారు?" అంది. వెంటనే వెనకాల, ఆ పిల్ల బుర్రలో గుజ్జు లేదన్నట్టు ఒక సంగీతం. ఆమె ఎప్పుడు మాట్లాడినా అదే సంగీతం. గుహలో దారి చూపుతున్నప్పుడు కూడా.

మా అమ్మాయి విరగబడి నవ్వింది. "అమ్మా, ఆమె అచ్చం నీ మాదిరే మాట్లాడుతుంది," అంది. నెలరోజులు ఇంట్లో నన్ను యాడికి, ఈడికి అని వెక్కిరించింది. చిన్నపిల్ల, ఏం తెలుసు అన్నారు అందరూ. తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

ఆ చానల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రెండు పేజీల ఫిర్యాదు పంపాను. ఐదు అభ్యంతరాలు. మా మాట మీకు నవ్వులాటా అన్నది మొదటిది. లైట్‌హౌస్‌ను కుడివైపు పెట్టారు, అది ఎడమవైపు ఉండాలన్నది ఐదోది. పోస్టు చేసి ఇంటికి వస్తూ గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆగిపోయాను. నేను దాన్ని ఎడమవైపు చూసింది అద్దంలో. అద్దంలో కుడి ఎడమవుతుంది. ఆ ఒక్క తప్పు నాది. మిగిలిన నాలుగూ వాళ్లవి. వాళ్లు దేనికీ జవాబు చెప్పలేదు. మీ అభిమానానికి ధన్యవాదాలు అని అచ్చు వేసిన కార్డు పంపారు. కార్డు మీద ముగ్గురు అన్నాచెల్లెళ్ల బొమ్మ ఉంది. పడవపిల్ల లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

మూడోది ఈమధ్యే వచ్చింది. మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్లేముందు టీవీకి ఏదో కనెక్షన్ పెట్టించింది, దాంట్లో. తెలుగు లేదు, మాటలు ఇంగ్లీషులో, కింద అక్షరాలు. మొదటి ఐదు భాగాలు చూసి నేను కాస్త మెత్తబడ్డాను కూడా. ఇందులో పోలీసు పడవపిల్లతోనే చెయ్యి కలిపాడు. ఆరో భాగంలో వాళ్ల అసలు ఉద్దేశం బయటపడింది. ఒక పాత ఫోటో దొరుకుతుంది. పడవపిల్ల ఆ పెద్దింటి యజమానికి స్వయానా మనవరాలట, చిన్నప్పుడు తప్పిపోయిందట. అంటే ఆమె తెలివి జాలరి ఇంట్లో వచ్చింది కాదు, పెద్దింటి రక్తంలో వచ్చిందన్నమాట. వెక్కిరించినవాళ్లు నయమనిపించింది.

సరిగ్గా అప్పుడే అక్క మా ఇంటికి వచ్చింది. కంట్లో పొర తీయించుకోవడానికి తిరుపతి ఆసుపత్రికి వచ్చి, ఎనిమిది రోజులు ఎక్కడుండాలంటే నేనే గుర్తొచ్చాను. తోటలో కాయ కోతకొచ్చింది, బావకు తీరిక లేదు. నేను పనిచేసే లైబ్రరీలో సెలవు పెట్టాను. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదాంట్లో పొర అలాగే ఉంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చునేది. టీవీ ఆమెకు వట్టి వెలుగు.

"ఏందమ్మే అది, అలల సప్పుడు వినిపిస్తా ఉండాది?" అంది రెండోరోజు మధ్యాహ్నం.

"పడవపిల్ల కథ. మళ్లా తీసినారు."

"ఏ పడవపిల్ల?"

రిమోట్ కింద పెట్టాను. "మీ ఇంట్లో వస్తా ఉండె. నేను కండెలు చుడతా ఉంటిని."

"ఓ, అదా. లైట్‌హౌసూ, గుహా. నీకు ఎట్ల గుర్తుంటాయమ్మే ఇవన్నీ? నాకు నిన్నటి కూరే గుర్తుండదు. మొదట్నించీ పెట్టు, ఏం జరగతా ఉందో సెప్పు."

పెట్టాను. రోజుకు రెండు భాగాలు. కింద వచ్చే అక్షరాలు చదివి, బొమ్మ ఎలా ఉందో చూసి, ఆమెకు మన మాటలో చెప్పాను. "మెల్లంగ సెప్పు, బడిపంతులు మాదిరి తరమొద్దు," అనేది. పడవపిల్ల ఏదైనా తెలివైన పని చేస్తే తొడ మీద చరుచుకునేది. ఆరో భాగంలో ఆ ఫోటో గురించి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకే తెలియదు.

ఐదో రోజు చివరి భాగం. తుఫాను మొదలైంది. నేను టీవీని ఆపాను.

"ఆపినావేంది?"

"ముందు ఒకటి సెప్పు. ఆ పొద్దు సీరియల్లో కడాకు ఏమైంది?"

"ఏ పొద్దు?"

"నల్ల గంపలో పచ్చ కండెలు ఏసిన పొద్దు. మునిగి సచ్చిపోయిందని సెప్తివి గదా."

"సెప్పింటాను."

"పుస్తకంలో మునగలేదు."

"టీవీలో మునిగిందేమో."

"ఏమో ఏంది? నువ్వు సూసినా అంటివి."

అక్క కళ్లద్దాలు తీసి కొంగుతో మొహం తుడుచుకోబోయింది. కంటికి కొంగు తగలకూడదని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విడిపించుకోకుండానే మాట్లాడింది.

"నేనూ సూడలేదుమ్మే. నిన్ను బయటికి తోసినాడా, తలుపేసినాడా, టీవీ ఆపేసినాడు. ముందే ఎందుకు సెప్పలేదని నా నెత్తిన మొట్టినాడు. రాట్నం ముందర కూచోబెట్టి ఆ గంపలో కండెలన్నీ యెలుగులో పెట్టి సూపించి, పచ్చవి ఏరి విప్పించినాడు. మద్దేన్నం దాకా అదే పని."

"మరి మునిగిందని ఎందుకు సెప్పినావు?"

"నువ్వు అడిగితివి. సూడలేదంటే నా మర్యాదేం కావాల? అదీగాక నీ మింద కడుపుమంటగా ఉండె. నీ వల్లనే గదా నేనూ సూడలేకపోయింది. నీకు ఆ పిల్లంటే ఇష్టమని తెలుసు. సంపేసినా."

"ఉత్తరం రాసినాను గదా. జవాబైనా రాయొచ్చునే."

"ఉత్తరం వచ్చింది. ఏమని రాసేది? దానికేనా ఇన్నేండ్లు మొగం తిప్పుకోనుంటివి?"

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. క్షమించమంటుందేమోనని కాసేపు చూశాను. అనలేదు. ముప్పై ఎనిమిదేళ్లు నేను కోపం పెట్టుకున్న మనిషికి నాకంటే ఒక్క బొమ్మ కూడా ఎక్కువ తెలియదు. ఆ మొదటి సీరియల్ ఎలా ముగిసిందో చెప్పగలిగినవాళ్లు ఇక నాకు మిగల్లేదు. ఆ మాట ఆమె ఆ ఉత్తరానికి జవాబుగా రాసుంటే రెండు వాక్యాలు సరిపోయేవి.

"కానీ, పెట్టు," అంది అక్క. "దీంట్లో అన్నా ఏమైతాదో సూస్తాం."

పెట్టాను. తుఫాను తగ్గింది. తెర మీద పడవపిల్ల మెరిసే గౌను వేసుకుని పెద్దింటి మెట్లెక్కుతోంది. పైన ముసలాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఇంటినిండా జనం.

"ఏం జరగతా ఉండాది?" అంది అక్క.

"ఆ ముగ్గురూ రమ్మంటా ఉండారు. మాతో పట్నం రా అని."

"పోతాదా?"

"లేదు. పడవ తిప్పుకోని ఎనక్కి పోతా ఉండాది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

తెర మీద ముసలాయన ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

"సప్పట్లు ఎవురు కొడతా ఉండారు?"

"ఒడ్డున ఉండేవాళ్లు."

అక్క సోఫాలో వెనక్కి వాలింది. "మేలు. మునగలేదు," అంది. మళ్లీ అనుమానం వచ్చి నావైపు తిరిగింది. "నిజంగానా?"

"నేను సూస్తా ఉండా గదా. నువ్వు సూసినావా?"

ఆమెకు ఆ మాట గుర్తున్నట్టు లేదు. సరేలే అంది. టీవీ ఆపి, మందు సీసా తెచ్చి, తల వెనక్కి వాల్చమని కంట్లో చుక్కలు వేశాను. కదలకుండా ఉండమన్నాను. ఆ చప్పట్ల సంగతి మాత్రం నాకింకా మనసులో తిరుగుతూనే ఉంది. పుస్తకంలో పడవపిల్లకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.