భ్రమరాంబ గారు తప్పిపోయిన ఈబుక్

తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లుల పక్కన ఒక మేడ మీద ఉండే ఈబుక్ కన్వర్షన్ ఆఫీసులో నేను మూడేళ్ళు పనిచేసి మానేశాను. హోదా జూనియర్ ఎగ్జిక్యూటివ్. నా కింద కుర్చీ తప్ప ఎవరూ ఉండేవారు కారు. ఇక్కడ రాస్తున్నది చేరిన రెండో ఏడు ఆషాఢంలో నాకు అప్పగించిన పుస్తకం సంగతి. నా డైరీలో ఆ వారానికి ఆరు పేజీలున్నాయి. మిగతా వారాలకి ఆరు వాక్యాలు ఉంటే గొప్ప.

అచ్చు పుస్తకంలో అక్షరం ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది. ఫోనులోనూ, ఈబుక్కులు చదువుకునే పలకలాంటి రీడర్‌లోనూ అలా కుదరదు. చదివేవారు అక్షరం పెద్దది చేసుకుంటే మాటలు కింది లైనులోకి, పక్క పేజీలోకి జారుకోవాలి. అలా జారే ఫైలు తయారుచేసి, ఒక్కో పరికరానికి కావలసిన రూపంలోకి దాన్ని మార్చి, మధ్యలో చేరిన చెత్త ఏరడం మా పని. చెత్తలో మొదటిది పేజీ శీర్షిక. ప్రతి పేజీ నెత్తిన పుస్తకం పేరు వేస్తారు కదా, స్కాన్ చేసినప్పుడు అది కిందికి దిగి వాక్యాల్లో కలిసిపోతుంది.

పుస్తకం ఏలూరులో ఉండే సుబ్బారాయుడు గారిది. ఆయన మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యారు. కొల్లేటి లంక గ్రామాల్లో భార్యతో కాపురం చేసిన రోజుల గురించి రాసుకుని, ఆవిడ పేరే పుస్తకానికి పెట్టారు: ‘భ్రమరాంబ’. కాబట్టి ప్రతి పేజీ నెత్తిన ‘భ్రమరాంబ’ ఉంది. స్కాన్‌లో అది ‘పడవ గట్టుకి భ్రమరాంబ చేరింది’, ‘చేపలకు భ్రమరాంబ మేత వేశాం’ అని తేలింది. నేను ఆ మాటను వెతికి, ఉన్న చోటల్లా ఒక్క మీటతో తీసేశాను. పుస్తకం నూట ఎనభై పేజీలు. కంప్యూటరు నాలుగు వందల చోట్ల తీశానంది. ఎక్కువ పనిచేసిందని సంతోషించాను.

తర్వాత తనిఖీ. ఫైలు అమరిక చూసే ప్రోగ్రాము దోషాలు సున్నా అని చూపించింది. మూడు పరికరాల్లో అట్ట, విషయసూచిక, మొదటి అధ్యాయం తెరిచి చూడాలని నియమం. చూశాను, బాగున్నాయి. మొదటి అధ్యాయంలో ఆయనకి ఇంకా పెళ్ళి కాలేదు.

ఫైలు ఏలూరు పంపిన నాలుగో రోజు మేనేజరు గారు ఫోను నా చేతికిచ్చారు. ఫోనంటే నాకు భయం. అవతల భ్రమరాంబ గారు.

“అమ్మాయ్, పుస్తకం అంతా చదివానమ్మా. అట్ట మీద ఉన్నాను గాని లోపల ఎక్కడా లేను. ‘కి జ్వరం వచ్చింది’ట. ఎవరికమ్మా? ఈయన ఎవరో ‘తో’ కలిసి కొల్లేరంతా పడవలో తిరిగారు.”

క్షమించమన్నాను. ఆవిడ కోప్పడలేదు. అచ్చు పుస్తకం ఏడాదిగా ఇంట్లోనే ఉందిట, అక్షరాలు చిన్నవై చూపు ఆనలేదుట. చదివి వినిపించమంటే ఆయన వినిపించరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ‘ఇదిగో’, ‘ఏమేవ్’ తప్ప ఆయన ఆవిడను పేరుతో పిలిచింది లేదు. “నా పేరు ఎలా రాశారో చూద్దామనే ఈ రీడరు కొనిపించుకున్నానమ్మా,” అన్నారు.

స్కాన్ చేసిన అసలు ఫైలు దాచి ఉంచడం మా ఆఫీసు ఆనవాయితీ. దాన్నుంచి చాలావరకు సరిచేశాను. పేజీల పై అంచు మసకగా వచ్చిన చోట మాత్రం ఉన్నది శీర్షికో, వాక్యంలోని పేరో తేలలేదు. అలాంటివి నలభై మిగిలాయి. అచ్చు ప్రతి ఆయన దగ్గరే ఉంది. ఒకరు అచ్చు ప్రతి పైకి చదవాలి, రెండోవారు తెర మీద సరిచూడాలి. పద్ధతి అది. మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని ప్యాసింజరు ఎక్కి ఏలూరు పవర్‌పేట స్టేషనులో దిగాను.

సుబ్బారాయుడు గారు వాలుకుర్చీలో కూర్చుని గంభీరంగా చదివారు. పేరు దగ్గరికి వచ్చేసరికి దగ్గారు. నాకు అర్థం కాక అడిగాను.

“దగ్గితే అక్కడ పేరు ఉన్నట్టా అండీ?”

“ఉన్నట్టేనమ్మా.”

“అది పెళ్ళాం దగ్గమ్మా,” అన్నారు ఆవిడ వంటింట్లోంచి. “మందు లేదు.”

ఆ ఏర్పాటుతో పదిహేను చోట్లు సాగాయి. ఇంతలో కాఫీ వచ్చింది. తాగుతూ చదివారు. పూర్తయినంత మేరకు ఆవిడ రీడరులోకి ఎక్కించి ఇచ్చాను. ఆవిడ రెండు పేజీలు తిప్పి కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఇదేంటండీ, ఆకివీడు రోడ్డులో చేపల లారీకి భ్రమరాంబ టైరు పంచరైంది?”

“అది కాఫీ దగ్గు,” అన్నారాయన.

“నాకెలా తెలుస్తుందండీ?” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

ఆవిడ ఆయన వైపు తిరిగారు. “ఆ పిల్ల పని పాడవుతోంది. రాయడానికి లేని సిగ్గు చదవడానికి ఎందుకండీ?”

“రాసేటప్పుడు నువ్వు ఎదురుగా లేవుగా,” అన్నారాయన.

“సరే, వెళ్తాను,” అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, కూరలబండి వెళ్ళిపోయేదాకా ఆగి, చదివారు: “ఆ వరదకి గట్టు తెగితే భ్రమరాంబ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.”

“ఆఁ,” అని లోపలినుంచి పలికారు ఆవిడ.

“నిన్ను పిలవలేదే, చదువుతున్నాను.”

“పలికితే తప్పేంటండీ?”

మిగిలిన చోట్లన్నిటా ఆయన చదవడం, ఆవిడ పలకడం. నేను గుర్తులు పెట్టుకుంటూ పోయాను. మొత్తం నలభైలో పన్నెండు శీర్షికలని తేలింది, తీసేశాను. ఇరవై ఎనిమిది పేర్లు, ఉంచాను. ఫైలు కొత్తగా కట్టి ఆవిడ రీడరులోకి ఎక్కించాను. ఆవిడ దాన్ని తెరవకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

“అయిపోయాయా అమ్మా?”

“అయిపోయాయండీ.”

“ఇంకోసారి సరిచూసుకోకూడదూ?”

ఆయన నా వైపు చూశారు. నేను తెర వైపు చూసుకుంటూ, ఒకసారి చూస్తే చాలదండీ, మొదటినుంచీ చదవాలి అన్నాను. మళ్ళీ చదివారు. తప్పులేమీ దొరకలేదు. సాయంత్రం రైలుకి వచ్చేశాను.

ఆ పని వల్ల తెలిసినవి మూడు. ఉన్న చోటల్లా ఒకేసారి తీసే మీట నొక్కే ముందు ఆ మాట ఎవరిదో కనుక్కోవాలి. తనిఖీకి మొదటి అధ్యాయం సరిపోదు, పెళ్ళి తర్వాతి అధ్యాయం ఒకటి తెరవాలి. సందేహం ఉన్న చోట రచయిత చేత నోటితో చెప్పించాలి. దగ్గును జవాబుగా తీసుకోకూడదు.