క్లైడ్ హాబర్ బూట్ల లేసులు

క్లైడ్ హాబర్‌కి బూట్ల లేసులు కట్టుకోవడం రాదని అమెరికాలో మా అయోవా రాష్ట్రమంతా ఎరుగును. బేస్‌బాల్‌లో బంతి విసరడం వాడి పని. నాలుగు బంతులు వేసేవాడు, అక్కడే చతికిలబడి బూట్లు రెండూ విప్పేవాడు. ఇసుక దులిపేవాడు. లేసులకు నీతులు చెప్పి మళ్లీ కట్టేవాడు. ఈలోగా జనం ఓ కునుకు తీసి లేచేవాళ్లు.

"నీ పెళ్లికైనా టైముకి వెళ్లావా?" అని అంపైర్ అరిచేవాడు.

"వెళ్లానండీ. చెప్పులేసుకుని."

బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని ఆ బంతులు పట్టింది నేను. ఆరేళ్లు పట్టాను, ఆరేళ్లూ తిట్టాను. చివరికి వాణ్ణి ఉంచాలా వద్దా అని మేనేజర్ నన్నడిగితే "పంపించెయ్యండి" అన్నాను. పెద్ద లీగులో ఆడాల్సిన ఆ చెయ్యి ఇంటికెళ్లి ట్రాక్టర్లు బాగుచేసుకుంది.

ఆ తరవాత నలభై ఏళ్లకి వాడి మీద డాక్యుమెంటరీ తీశారు. నన్ను మూడు గంటలు వాగించి, "వాడికి తిక్క" అన్న ముక్క ఒక్కటే ఉంచారు. డార్లీన్ బారులో ఊరంతా కూర్చుని చూశాం. వాడు బూట్లు విప్పినప్పుడల్లా వెనక డప్పు మోత. జనం పడీపడీ నవ్వారు. నా పక్కన క్లైడ్ కూడా పల్లీలు నములుతూ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

అంతలో తెరమీద బంతి బ్యాట్ అంచుకు తగిలి నా వేళ్లను కొట్టింది. చెయ్యి వెనక్కి దాచుకున్నాను. క్లైడ్ చతికిలబడ్డాడు. ఇంకో ఆటలో నా మెడకు తగిలింది. క్లైడ్ చతికిలబడ్డాడు. పట్టేవాడికి దెబ్బ తగిలితే అంపైర్ బ్యాట్ పట్టినవాడి ముందు నేలలో ఉండే తెల్లపలకని, శుభ్రంగా ఉన్నా సరే, మళ్లీ తుడుస్తాడు, వాడు ఊపిరి తీసుకోవాలని. అది మా ఆటలో మర్యాద. మా అంపైర్లకు అది లేదు.

"ఒరేయ్, నా కోసమా?"

"నెమ్మదిగా అనరా."

"అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే నీ మొహంలో తెలిసిపోయేది. దెబ్బలున్నాయని నిన్ను తీసేసేవాళ్లు. నీకేమో అప్పుడే కవలలు."

సిగ్గుతో చచ్చిపోయాను. "డార్లీన్, ఆపు!" అని లేచి, ఉన్నదంతా చెప్పేశాను. వాణ్ణి పంపించమన్నది నేనేనని కూడా చెప్పాను.

"ఆ సంగతి నాకప్పుడే తెలుసు, కూర్చో" అన్నాడు క్లైడ్ విసుగ్గా. "పెట్టమ్మా డార్లీన్. ఇందులో మా ఆవిడ కొత్త గౌనేసుకుని మాట్లాడింది. అది చూడకుండా వెళ్తే నన్ను తినేస్తుంది."

డార్లీన్ మళ్లీ పెట్టింది. ఈసారి ఒక్కడూ నవ్వలేదు. నవ్వనందుకు క్లైడ్ అందర్నీ పేరుపేరునా తిట్టాడు.