ఊక కింద ఐసు గచ్చు

మొన్న వేసవి సెలవుల్లో మా తమ్ముడి కూతురు మేఘన, పదకొండేళ్లది, హైదరాబాదులో ఏదో మాల్‌లో ఐస్ స్కేటింగ్ ఉందని నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల గాజు తలుపు తీసీ తీయగానే ఆ వాసన ముఖాన కొట్టింది. తడిసిన రబ్బరు, చల్లబడ్డ ఇనుము, ఎవరెవరో వేసుకుని విప్పిన అద్దె బూట్లు, వాటన్నిటి అడుగున గడ్డకట్టిన నీళ్ల వాసన. నీటికి రంగూ రుచీ వాసనా ఉండవని మా నాన్నగారు సైన్సు పాఠంలో చెప్పేవారు. ఆయన మాస్టారు కాబట్టి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు గానీ, ఐసుకి వాసన ఉంటుందని నాకు పదేళ్లప్పటి నుంచీ తెలుసు.

కౌంటరు దగ్గర అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఆంటీ, ఆ చున్నీ తీసి లాకర్లో పెట్టేయండి, బ్లేడు కింద పడితే మీరూ పడతారు. మేజోళ్లు పలచగా, పొడుగ్గా ఉండాలి, మందంగా ఉంటే బూటులో కాలు కదిలిపోతుంది. పైన స్వెట్టరొకటి చాలు, కాసేపటికి మీకే చెమట పడుతుంది. గ్లౌజులు మాత్రం ఉండాల్సిందే, తడిస్తే వెంటనే మార్చుకోండి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "ఇవన్నీ నాకు తెలుసమ్మా" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, మేఘన అసలే నమ్మలేదు. చొక్కా కూడా లేకుండా, మోకాళ్ల పైకి లుంగీ ఎగ్గట్టుకున్న ఒక మనిషి నలభై ఏళ్ల కిందటే నాకీ పాఠం చెప్పాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

మా ఊరు యానాంకి కాస్త ఇవతల, గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే చోట ఉండేది. నాన్నగారు అక్కడి హైస్కూల్లో పనిచేసేవారు. మా ఊళ్లో చలి అన్నది మాటకి మాత్రమే ఉండేది. వేసవిలో ముంజలు బొటనవేలితో తవ్వుకుని తింటూ, ఉప్పగా జిడ్డుగా వీచే గాలిలో విసనకర్రలు విరిగేదాకా విసురుకునేవాళ్లం, వానాకాలం గోడలు చెమర్చి పుస్తకాల అట్టలకి బూజు పట్టేది, కార్తీకంలో తెల్లారుజామున కాస్త మంచు పడితే చాలు, మా నాయనమ్మ లోకం మునిగిపోయినట్టు తలకి గుడ్డ కట్టుకుని తేగల తంపటి దగ్గర కూర్చునేది. మా వీధి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క స్వెట్టరు మా నాన్నగారిది. కాశీ యాత్రలో కొన్నారట. కలరా ఉండల వాసన వేస్తూ ట్రంకు పెట్టెలో పడుకుని ఉండేది, దాన్ని ఏడాదికోసారి ఎండలో వేసి మళ్లీ పడుకోబెట్టేవాళ్లం.

ఇక మా నాయనమ్మ. ఆవిడకి ఈ ప్రపంచమంతా కడుక్కోవలసిన విషయం. బడి నుంచి వస్తే కాళ్లు కడుక్కోవాలి, కాళ్లు కడుక్కున్న చేతులు మళ్లీ కడుక్కోవాలి, చెప్పు ముట్టుకుంటే కడుక్కోవాలి, పాదం మీద దోమ కుట్టి గోక్కున్నా సరే, గోలెం దగ్గరికి పరుగెత్తి చేతులు కడుక్కుని రావాలి. నాకు ఊపిరి పీల్చడమెంత అలవాటో, కాళ్లు ముట్టుకున్న చేతిని నీళ్లలో ముంచడమూ అంతే అలవాటైపోయింది.

నా పక్కన బెంచీలో కూర్చునే రత్నం వాళ్లది రేవు దగ్గర ఇల్లు. వాళ్లమ్మ మంగమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగేది. మా ఇంట్లో నీచు తినరు కాబట్టి మా గుమ్మం దగ్గర ఆగేది కాదు గానీ, నన్ను చూస్తే మాత్రం "పాపగారూ, అన్నం తిన్నారా?" అని అడక్కుండా వెళ్లేది కాదు. నేనామెను పిన్నీ అనేదాన్ని. రత్నం వాళ్ల నాన్న కొండబాబు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగేవాడు. "మా నాన్న దగ్గర ఐసు గచ్చుంది తెల్సా? దాని మీద నేను జారతాను" అనేది రత్నం. "కోతలు కోయకే" అనేదాన్ని. అంటూనే, రాత్రి చాప మీద పడుకుని కళ్లు మూసుకుంటే ఆ గచ్చే కనిపించేది. అరచేతిలో పట్టేంత ఐసు ముక్క కోసం పుల్లైసు బండి వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తేవాళ్లం మేము, దీనికేమో ఏకంగా ఐసు గచ్చు!

ఆ ఏడు నాగులచవితి వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ రేవులో కట్టేశారు. వేట లేకపోతే ఐసు అడిగేవాళ్లు ఉండరు, దిమ్మలన్నీ గదిలోనే పేరుకుపోతాయి. ఆదివారం మధ్యాహ్నం, రత్నం వాళ్లింట్లో లెక్కలు చేసుకుంటామని ఇంట్లో చెప్పి, ఒక పొట్లంలో మిగిలిన చిమ్మిలి ఉండలు కట్టుకుని బయల్దేరాను. ఉత్త చేతులతో వెళ్లి అంత పెద్ద కోరిక అడగడం నాకు బాగోలేదు మరి.

రత్నం నన్ను నేరుగా ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. కొండబాబు బాబాయ్ చిమ్మిలి నోట్లో వేసుకుని తల అడ్డంగా ఊపాడు. "బయటోళ్లని లోపలికి రానిస్తే పనిలోంచి తీసేత్తానన్నారండి ఓనరు గారు." నా మొహం చూశాడు. రత్నం మొహం చూశాడు. బయటికెళ్లి అటూ ఇటూ చూసొచ్చి, "ఒక్క పావుగంటండి. మళ్లీ అడక్కూడదు" అన్నాడు.

అప్పుడు మొదలైంది అలంకారం. పరికిణీ కాళ్లకి అడ్డం పడుతుందని రత్నం ఇంటి నుంచి తెచ్చిన వాళ్ల అన్నయ్య పాత నిక్కరు తొడిగించారు. పైన మోచేతులు దాటి వేలాడే ఖాకీ చొక్కా. చెవులకి తువ్వాలు చుట్టి గడ్డం కింద ముడేశారు. గోనెసంచి ముక్కలు పాదాలకి రెండు చుట్లు చుట్టి పురికొసతో కట్టారు. చివరగా గుప్పెడు ఊక తీసి నా అరచేతుల మధ్య పోసి బాగా రుద్దించాడు బాబాయ్. "చెయ్యి మటుకు పొడిగా ఉండాలండోయ్. తడి చెయ్యి పెట్టారంటే ఐసు పట్టేసుకుంటాది, ఇంక వదలదు. మోకాళ్లు కాస్త వంచండి. కాళ్లకేసి చూడకండి, ఎదురు గోడకేసి చూడండి. పడతాననిపిస్తే పడిపోవడమే, పక్కకి, మెత్తగా. ఆపుకోబోతేనే దెబ్బ."

గది తలుపు తెరిచి, ఐసు కరగకుండా కప్పిన ఊకని చీపురుతో పక్కకి ఊడ్చాడు. ఊక కింద నీలంగా, తెల్లగా, నిజంగానే గచ్చు! దిమ్మ పక్కన దిమ్మ పేర్చితే అంచులు ఒకదానికొకటి అతుక్కుని, మా తరగతి గదిలో సగం ఉంటుంది, ఒకటే పలక. పైన ఒక్క బల్బు. గొట్టాల మీద తెల్లటి నురగలాంటి మంచు. ముక్కులో అమోనియా ఘాటు. నోరు తెరిస్తే పొగ! మేమిద్దరం కాసేపు మా వీధి పెద్దలు చుట్ట కాల్చినట్టు పొగ వదులుతూ పడీపడీ నవ్వాం. ఆ తరవాత రత్నం నడుము పట్టుకుని జారాను. రెండడుగులు వేసేసరికి గోనె అడుగున తడి గడ్డకట్టి నున్నబడింది, ఇక కాలు నా మాట వినలేదు. గోడ నా మీదకి పరిగెత్తుకొచ్చింది. పక్కకి, మెత్తగా పడ్డాను. లేచాను, మళ్లీ జారాను. మూడోసారి ఎవర్నీ పట్టుకోకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోయాను. అంత సంతోషం నాకు ఆ తరవాత చాలా తక్కువసార్లు దొరికింది, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఇంతలో ఎడమ కాలి పురికొస ఊడింది. గుమ్మం దగ్గర కూర్చుని నేనే కట్టుకున్నాను. కట్టుకుని ఏం చేశానంటే, పక్కనే ఉన్న పీపాలో రెండు చేతులూ ముంచి కడుక్కున్నాను. కాళ్లు ముట్టుకున్నాను కదా. ఆలోచించింది లేదు, ఆగింది లేదు. తడి చేతులతో అలాగే వెళ్లి, జారి, ఈసారి బోర్లా పడ్డాను. అరచేతులు రెండూ ఐసు మీద ఆనాయి, ఆనినవి ఆనినట్టే ఉండిపోయాయి.

"లాగకండి పాపగారూ, లాగకండి!" అని బాబాయ్ అరిచేలోపే భయంతో కుడి చెయ్యి లాగేశాను. చర్మం అక్కడే ఉండిపోయింది. ఎడమ చేతి మీద ఆయన నెమ్మదిగా నీళ్లు పోసి, నోటితో ఆవిరి ఊదుతూ విడిపించాడు. కొబ్బరినూనె రాసి, తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు. దారిలో రత్నం ఏడుస్తూ, "ఇంట్లో చెప్పకే, మా నాన్న పని పోద్ది" అంది. చెప్పనని ఒట్టేశాను.

నాయనమ్మ కట్టు విప్పి చూసి గుండె బాదుకుంది. ఏం చెప్పాలో తోచక, "రత్నం వాళ్లింట్లో మరిగే గంజి గిన్నె పట్టుకున్నాను" అన్నాను. కొండబాబు బాబాయ్‌ని కాపాడేశానని లోపల ఎంత గర్వమో! ఆ అబద్ధం వెళ్లి ఎవరి మీద పడుతుందో ఆలోచించేంత బుర్ర పదేళ్ల వయసులో నాకు లేదు.

మర్నాడు పొద్దున్న మంగమ్మ పిన్ని ఎండుచేపల తట్టతో మా వీధిలోకి రాగానే నాయనమ్మ అరుగు మీద నిలబడి అందుకుంది. "నీకు బుద్ధుందటే? మరిగే గంజి పసిపిల్ల చేతికిస్తావా? నీ పిల్లయితే ఇస్తావా?" చుట్టుపక్కల గుమ్మాల్లోకి జనం వచ్చారు. పిన్నికి తలా తోకా తెలియదు. నోరు తెరిచి ఏదో అనబోతూ, తలుపు చాటున కట్టు కట్టిన చేత్తో నిలబడ్డ నన్ను చూసింది. రెండు క్షణాలు చూసింది. "తప్పయిపోయిందండి అమ్మగారూ" అని, తట్ట సర్దుకుని వెళ్లిపోయింది. నిజం చెబితే బాబాయ్ పని పోతుంది, చెప్పకపోతే పిన్ని మీద నింద. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, చెయ్యి నొప్పనుకున్నారు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కొండబాబు బాబాయ్ వచ్చాడు. ఆయన్ని చొక్కాతో చూడడం నాకదే మొదలు. గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారండీ, మా ఇంటిది ఏమీ ఎరగదండి. పాపగారిని ఐసు ఎక్కించింది నేనండి. నా పని పోద్దని ఆ బిడ్డ అలా చెప్పారండి. ఓనరు గారికి చెప్తారో, ఏం చేస్తారో మీ ఇష్టమండి."

నాన్నగారు నావైపు చూశారు. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. నాయనమ్మకి ఒక్క సంగతి అర్థం కాలేదు. "చెయ్యి తడపొద్దని అంత చెప్పాడు కదే, ఎందుకు తడిపావు?"

"కాళ్లు ముట్టుకున్నాను కదా నాయనమ్మా. కడుక్కోకపోతే నువ్వు తిడతావు కదా."

నాయనమ్మ లోపలికి వెళ్లి, మేం తాగే గ్లాసుతోనే మజ్జిగ తెచ్చి, గేటుదాకా నడిచి, కొండబాబు బాబాయ్ చేతికిచ్చింది. "తాగి వెళ్లు నాయనా" అంది. నాన్నగారు "రేపు పనికి మామూలుగా వెళ్లు కొండబాబూ" అన్నారు. ఆయన "ఆయ్" అని మజ్జిగ తాగి, గ్లాసు నాయనమ్మ చేతికిచ్చి వెళ్లాడు.

ఆ మర్నాటి నుంచి మంగమ్మ పిన్ని వస్తే నాయనమ్మ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేది, ఎండ గురించీ కూరగాయల గురించీ మాట్లాడేది. తప్పయిందన్న మాట మాత్రం అనలేదు. నేనూ అనలేదు. పిన్ని ఎప్పటిలా "అన్నం తిన్నారా?" అని అడుగుతుంటే, అన్నీ సర్దుకున్నాయిలే అనుకుని ఊరుకున్నాను. పై ఏడాది నాన్నగారికి బదిలీ అయింది.

ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు. అక్కడ కల్యాణ మండపం కట్టారట, ఐసు పొడి ఎక్కడి నుంచో వ్యానుల్లో వస్తుందట. అరుగులు పోయాయి, గోలేలు పోయాయి, నాయనమ్మ పోయింది, కొండబాబు బాబాయ్ పోయి పదేళ్లు దాటింది. మేఘన పక్కన ఆ వేళ నేను మూడుసార్లు పడి, నాలుగోసారి గోడ వదిలి జారాను. పిల్ల చప్పట్లు కొట్టింది. ఇంటికి వచ్చాక మనసు ఆగక రత్నానికి ఫోను చేశాను. అది యానాంలో ఉంటోంది, తల్లి దాని దగ్గరే ఉంది. ఫోను ఆవిడకి ఇవ్వమన్నాను.

"పాపగారూ, అన్నం తిన్నారా?" అంది పిన్ని. యాభై దాటిన నన్ను ఇంకా పాపగారనే అంది.

"పిన్నీ, ఆ రోజు నీ మీద అబద్ధం చెప్పాను. నిన్ను వీధిలో నిలబెట్టించాను. ఇన్నేళ్లూ ఒక్కసారీ తప్పయిందనలేదు" అన్నాను.

పిన్ని ఆయాసపడుతూ చెప్పింది. "తలుపు చాటున మీ మొహం చూశానండి ఆ పూట. నాకు ముద్ద దిగలేదు. ఇంటికెళ్లి రత్నాన్ని అడిగితే సంగతంతా చెప్పేసిందండి, అప్పుడు మా ఆయన్ని కూకలేశాను. నా మీద మాట పడితే పడింది, తట్టలు మోసిన మనిషిని, మోత్తాను. ఆ పసిపిల్ల నీ కోసం అంత బరువు మోత్తంది, నీ పని పోతే పోయింది, ముందెళ్లి ఆ పిల్ల నెత్తి మీంచి దింపిరా అన్నాను. నేనే పంపానండి ఆయన్ని."

నేను ఫోను చెవికి ఆనించుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ ఫోను పెట్టేయలేదు.