పెద్దత్త ఎడమ చెయ్యి

మార్చి ఆరో తేదీ సాయంత్రానికి పిల్లలు పెద్దత్త చేతిలో వరుసగా నలభై మూడు వైకుంఠపాళి ఆటలు ఓడిపోయారు. ఆ నలభై మూడింటిలోనూ పెద్దత్త తొండి చేసింది. పిల్లలతో ఆడేటప్పుడు కావాలని ఓడిపోయే పెద్దలు లోకంలో కొల్లలు. పిల్లల్ని మోసం చేసి మరీ గెలిచి, ఆ గెలుపుకి వాళ్లచేతే చప్పట్లు కొట్టించుకునే మనిషి మాత్రం ఆ వీధి మొత్తానికి ఆవిడ ఒక్కతే.

వింత ఏమిటంటే, పదవీ విరమణ చేసేదాకా ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇప్పటికీ ఆవిడ సంచీ పట్టుకుని వీధి మలుపు తిరిగితే చాలు, కూరల దుకాణంవాడు "అమ్మగారొస్తున్నారు, తక్కెడ తుడవండ్రా!" అని లోపలికి కేకేస్తాడు. అంతటి మనిషి, చేతికి పాచిక వచ్చేసరికి నీతినీ నిజాయితీనీ అటకెక్కించేసేది.

"అత్తా, నువ్వు రెండుసార్లు వేశావు!" అని మేనల్లుడు గొడవకు దిగేవాడు. పదేళ్లకే వాడి నోటిధాటి చూసి ఇంట్లోవాళ్లు వాడికి లాయరని పేరు పెట్టారు.

"మొదటిది లెక్కలోకి రాదురా. పాచిక చాప అంచుకి తగిలింది. నియమం పదకొండు."

"నిన్న నియమం పదకొండంటే, అరవై దాటినవాళ్లు ఇంకోసారి వేసుకోవచ్చన్నావు!"

"అది పదకొండు-ఎ. చట్టం చదవకుండా వాదనకొస్తావేరా వెధవా?"

పైఅంతస్తు పిల్ల పేరు డప్పు. ఆ పిల్ల గొంతు మేడమీద మోగితే కింద గిన్నెలు కదిలేవి. లాయరు వాదించి, డప్పు అరిచి, ఇద్దరూ అలిగి లేచిపోయేవారు. మర్నాడు సాయంత్రం మళ్లీ వాళ్లే చాప పరిచేవారు.

ఈ వ్యవహారం పెద్దత్త మరదలికి, అంటే లాయరు తల్లికి, బొత్తిగా నచ్చేది కాదు. ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలన్నది ఆమె స్వభావం. పైగా అప్పటికే ఆమె గుండెల మీద ఒక బరువుంది. ఆరేళ్ల కూతురు బడిలో నోరు విప్పదు. ఇంట్లోనైనా ఏది కావలసినా ఎవరో ఒకరి చెవిలో గుసగుసలాడుతుంది. అందుకే ఆ పిల్లని గువ్వ అనేవారు.

"రాయడం, చదవడం బాగానే ఉన్నాయండీ. కానీ నెలాఖరులోగా తరగతిలో నాలుగు మాటలైనా మాట్లాడకపోతే, వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో ఉంచాల్సొస్తుంది" అని టీచరమ్మ చెప్పింది.

ఆనాటి నుంచి తల్లి సాధన మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే గువ్వని అద్దం ముందు నిలబెట్టి, "నీ పేరేంటి? గట్టిగా చెప్పు. మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగేది. గువ్వ అద్దంలో పిల్ల వంక చూసేది. అద్దంలో పిల్ల గువ్వ వంక చూసేది. ఇద్దరిలో ఎవరూ పెదవి కదిపేవారు కాదు. చివరికి గొంతు బొంగురుపోయేది తల్లికే.

"ఆ అద్దానికి చెమటలు పడుతున్నాయి గానీ, పిల్లని ఇటు పంపవే మరదలా" అనేది పెద్దత్త.

"ఆటలకిదా సమయం వదినా? నెలాఖరు ముంచుకొస్తోంది!"

"నలుగురు లేందే ఆట చెల్లదు. నియమం నాలుగు. ఆ పిల్ల నా ఎడమ పక్కనే కూర్చోవాలి. నియమం తొమ్మిది."

ఈ నియమం తొమ్మిది మాత్రం ఏనాడూ మారలేదు. గోడకీ పెద్దత్తకీ మధ్య గువ్వ ఒదిగి కూర్చునేది. లాయరూ డప్పూ ఎదుటివైపు.

ఆరో తేదీన నలభై మూడో ఆట ముగిసి, నలభై నాలుగోది మొదలైంది. తల్లి ఆరిన బట్టలు ఎత్తుకుని గది వెనక తలుపులోంచి రాబోయి, గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దత్త ఎర్రకాయ సరిగ్గా పెద్దపాము నోట్లో పడింది. ఆవిడ కుడిచేత్తో కిటికీ చూపించి, "అదుగో, పిల్లి!" అంది. లాయరూ డప్పూ అటు తిరిగారు. కొంగుచాటు నుంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికొచ్చి, ఎర్రకాయని ఒక గడి ముందుకి జరిపి, మళ్లీ కొంగుచాటుకి వెళ్లిపోయింది.

పిల్లల్లో అది చూసినది గువ్వ ఒక్కతే.

తల్లికి ఒళ్లు మండిపోయింది. 'ఎంత ఘోరం! నోరులేని సాక్షిని పక్కన పెట్టుకుని దొంగతనమా!' నిలదీద్దామని ఒక అడుగు ముందుకేసింది. అలికిడికి పెద్దత్త వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. దొంగ తూకపురాయి పట్టుకున్ననాటి చూపు అది. మరదలు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

గువ్వ అత్త కొంగు పట్టుకుని లాగింది.

"కొంగు లాగితే ఫిర్యాదు కిందికి రాదు" అంది పెద్దత్త, అటు తిరగకుండానే.

గువ్వ మోకాళ్ల మీద లేచి చెవిలో ఏదో ఊదింది.

"ఆ చెవి సెలవులో ఉంది. లాయరూ, పాచిక వెయ్యరా. ఇంకో రెండు గళ్లైతే గెలుపు నాదే."

లాయరు పాచిక ఎత్తాడు. గువ్వ ముఖం ఎర్రబడింది. తల్లి చేతుల్లోని బట్టలు ఒక్కొక్కటే నేలకి జారుతున్నాయి.

"తొండి!"

ఆ కేకకి డప్పు సైతం ఉలిక్కిపడింది.

"అత్త తొండి చేసింది! పాము మింగేసింది! పిల్లి లేదు, ఏం లేదు! ఎడంచేత్తో జరిపేసింది!"

"సాక్ష్యం?" అంది పెద్దత్త చలించకుండా.

"నేనే! నా కళ్లతో చూశా! ఇక్కడుండేది, ఇక్కడ పెట్టావు! కిందికి దిగు! తోక దాకా దిగు!"

"కాయ దానంతటదే జారిందేమో."

"కాయలకి కాళ్లుంటాయా?"

పెద్దత్త మరో మూడు నియమాలు ఉదహరించింది. గువ్వ మూడింటినీ కొట్టిపారేసింది. చిట్టచివరికి ఎర్రకాయ పాము తోక దగ్గరికి దిగింది, ఆ ఆట చివరికి గువ్వే గెలిచింది. "సర్వీసంతా ఊరందరికీ జరిమానాలు వేశాను. నాకు పడటం ఇదే మొదలు" అని గొణుక్కుంటూ ఆవిడ లేచింది.

పిల్లలు పెరట్లోకి పరుగెత్తాక మరదలు కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "ఇన్నాళ్లూ తొండి చేసింది దానికోసమేనా వదినా?"

"దానికోసమేంటే? గెలుద్దామని ఆడాను."

"మరి ఎడమచెయ్యి?"

"కుడిచేతికి కీళ్లనొప్పి" అంటూ పెద్దత్త అదే కుడిచేత్తో నిండుబిందె అవలీలగా ఎత్తింది. రెండడుగులు వేసి ఆగింది. "నువ్వడిగేవాటికి జవాబు తప్పితే ఏమవుతుందోనని దానికి బెరుకు. ఇందులో తప్పేదేముంది? కళ్లారా చూసిందాయె. ఇక అద్దాన్ని వదిలెయ్యి, పాపం."

తరువాతి వారం బడి నుంచి కబురొచ్చింది, ఒకసారి రమ్మని. తల్లి ఆదరాబాదరాగా వెళ్లింది. తరగతి గదిలో ఎవరూ లేరు. నల్లబల్ల మీద సగం రాసిన కూడిక ఉంది. బయట, బడి పెరటి గోడకి ముఖం ఆనించి, రెండుచేతులతో కళ్లు మూసుకుని టీచరమ్మ నిలబడి ఉంది.

"ఏమైందండీ? మా పిల్ల ఏమైనా..."

"ఆటల పీరియడులో లెక్కలు చెప్పబోయానమ్మా. మీ అమ్మాయి లేచి నిలబడి, గోడమీద కాగితంలో ఆటలని రాసుంటే లెక్కలు చెప్పడం తొండి అంది. తరగతంతా దాని వెనకే లేచింది."

"అయ్యో! క్షమించండి. పై తరగతి సంగతి..."

"పై తరగతికే పంపుతున్నాను, ఆ మాట చెబుదామనే పిలిచాను. ఒక్క నిమిషం ఆగండి, దాగుడుమూతల్లో దొంగని నేనే, ఇంకా యాభై దాకా లెక్కపెట్టాలి. ఒక్క అంకె మింగినా మీ అమ్మాయి ఊరుకోవడం లేదు."