చైనా దేవానందం సాక్ష్యం

దేవానందం కళ్లు చిన్నవి. వాళ్లమ్మ వైపు వాళ్లందరివీ అంతే. ఆ కళ్లతోనే నాచారంలో ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేశాడు. రాహేలును పెళ్లాడాడు. ఒక్కరూ వాటిని పట్టించుకోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, టీవీ షూటింగులకు మనుషుల్ని తీసుకెళ్లే దామోదర్ ఆయన్ని టీకొట్టు దగ్గర చూసి, "అన్నా, నీ మొకం దేవుడు టీవీ కోసమే జేసిండే!" అన్నాడు.

అంతే. గూర్ఖా కావాలంటే దేవానందం, జపాన్ ఇంజినీరు కావాలంటే దేవానందం, కరాటే మాస్టరు కావాలన్నా దేవానందమే. నల్లగొండ మనిషికి నేపాలీ టోపీ పెట్టి 'సాబ్ జీ' అనిపిస్తే ఎవరికీ తప్పనిపించలేదు. ఆయనకూ అనిపించలేదు, అబద్ధమెందుకు? కరోనా తగ్గాక ఒక కామెడీ షోలో చైనావాడి వేషం వేయించారు. కళ్లు ఇంకా చిన్నవి చేసుకుని, వంగి వంగి దండాలు పెడుతూ "గబ్బిలం ఫ్రై తింటావా?" అనాలి. అన్నాడు. ఆ ముక్క ఫోన్లన్నీ తిరిగింది. చర్చి పిల్లలు సెల్ఫీలు దిగితే మురిసిపోయాడు కూడా.

కిందటేడు వాళ్ల పైగదిలోకి రింపుయి అనే మిజోరం అమ్మాయి అద్దెకు దిగింది. ఉప్పల్‌లో బ్యూటీపార్లర్‌లో పని. ఆదివారం వీళ్లతోనే చర్చికి వస్తుంది. రాహేలు మోకాళ్లు పట్టేస్తే నూనె రాసేది ఆ పిల్లే.

ఒక సాయంత్రం ఆమె పని నుంచి వస్తుంటే గల్లీ పిల్లలు వెంటపడ్డారు. "గబ్బిలం ఫ్రై తింటావా?" అంటూ వంగి వంగి దండాలు పెడుతున్నారు, అచ్చం ఆయన పెట్టినట్టే. గేటు దగ్గరున్న దేవానందం కసిరాడు. ఆయన్ని చూసి వాళ్లు ఇంకా సంబరపడ్డారు. "చైనా తాతా, నువ్వు గూడ అను!"

మర్నాడు రింపుయి ఫోన్ చేత్తో పట్టుకుని దిగివచ్చింది. "మామా, ఇది నువ్వేనా?"

"నేనే, బిడ్డా."

ఆమె ఫోన్ ఆపేసి మెట్లెక్కి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు ఆయన.

వీడియో తీసేయించమని దామోదర్‌ను బతిమాలాడు. "గది మన చేతుల లేదన్నా, మస్తు మంది ఎక్కిచ్చుకున్నరు. ఫికర్ జెయ్యకు, గసొంటిదే ఇంకో వేషం ఉంది నీకు," అన్నాడు దామోదర్. వీడినేమనాలో చెప్పండి!

ఎంతమంది పిల్లల్ని కసురుతాడు? ఆలోచించి ఆలోచించి, ఆదివారం సాక్ష్యాల వేళ లేచాడు. దేవుడు చేసిన మేలో, తాము చేసిన తప్పో అందరి ముందూ చెప్పుకునే వేళ అది. పెద్దలు విని తమ పిల్లల్ని మందలిస్తారని ఆయన ఆశ. ఇన్నేళ్లలో ఎన్నడూ లేవలేదు. ఆడవాళ్ల వైపు రాహేలు పక్కన రింపుయి కూర్చుని ఉంది.

"అందరికీ వందనాలు. నేను టీవీల చైనావోని వేషం ఏసిన..." అన్నాడు. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. "నవ్వకున్రి. గది పాపం. దానివల్ల మన రింపుయి బిడ్డ..." ఏడుపు ఆపుకోబోతే ఆ కళ్లు ఇంకా చిన్నవైపోయాయి.

ఇంకేముంది, చర్చంతా గొల్లున నవ్వింది. వేషం మొదలుపెట్టాడనుకున్నారు. క్షమించమని చేతులు జోడించి వంగాడు. ఎవరో ఈల వేశారు. పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక, "బ్రదర్, ఇక్కడ గూడనా?" అన్నారు.

దేవానందం దిక్కుతోచక రింపుయి వైపు చూశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఆమెనే చూస్తూ నవ్వుతున్నారు. ఆ పిల్ల ఒకసారి ఆయన్నీ, ఒకసారి వాళ్లనీ చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది.