జేజి పెట్టిన పేరు

మా మనవడికి పేరు వెతకాలని పోయిన వారం ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. వాడు పుట్టింది పుష్యమి మొదటి పాదం. అయ్యవారు ‘హు’ అక్షరం తేల్చి చేతిలో పెట్టి తన దారిన తాను పోయాడు. హు-తో పేరు దొరకడమంటే మే నెలలో మా హంద్రీలో నీళ్లు దొరకడమే. కోడలు ‘హుతాశన్’ అంటే, పాలు తాగే బిడ్డకు అగ్నిహోత్రం పేరేమిటని వియ్యపురాలు మూతి ముడిచింది. నేను ‘హుస్సేనప్ప’ అన్నాను. పరాచికమనుకొని అందరూ పగలబడి నవ్వారు. ఆ పేరు గల మనిషి మా నాయనకు సొంత తమ్ముడనీ, నాకు చిన్నాయన అనీ అక్కడున్న పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

పత్తికొండ పక్కన పల్లె మాది, సేద్యం చేసుకునే రెడ్ల ఇల్లు. మా నాయనను కన్న జేజికి ఆయన తర్వాత పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఈసారి దక్కితే నీ పేరే పెట్టుకుంటానని ఆమె పీర్ల చావిట్లో హుస్సేను పీరుకు మొక్కుకుంది, చిన్నాయన దక్కాడు. ఏటా పీర్ల పండక్కి మెడలో ఎర్రదారం వేసుకొని ఫకీరై ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చేవాడట. జేజి రొట్టె, బెల్లం కలిపి దంచి మలీద ముద్దలు చేసి పీరు ముందు చదివించేది. ఆ మరునాడు శనివారమైతే అదే జేజి వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేది. ఆ ఇద్దరికీ ఎప్పుడైనా పడలేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా వైపు ఇట్లాంటి పేర్లు వీధికి రెండుండేవి, ఎవరికీ వింత కాదు. చిన్నాయనకు పెళ్లి కాలేదు. పేరు చూసి సంబంధాలు వెనక్కి పోయాయని ఊళ్లో అనేవారు, గదినిండా ఉన్న పుస్తకాలు చూసి పోయాయని జేజి అనేది.

కర్నూలులో కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. బాడుగ ఇంటికి పోతే, పేరు చెప్పకముందు ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోయేది. ఇంటిపేరు కలిపి చెప్తే మళ్లీ ఖాళీ అయ్యేది. ఈ కథను ఆయన మా ఇంట్లో అభినయించి చూపిస్తుంటే మేం కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం. ఒకసారి కాలేజీలోనూ చెప్పాడట. అందరూ నవ్వారు గానీ, అక్కడే ఉర్దూ పాఠాలు చెప్పే స్నేహితుడొకాయన నవ్వలేదు. “మీకు చెప్పుకోడానికి ఇంకో పేరుండాది సార్. మాకు యాడిది?” అన్నాడట. చిన్నాయన ఆ కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి మనిషి మారిపోయాడు. సర్వీసు ఇంకా ఉండగానే ఉద్యోగం వదిలేసి, ఎక్కడ మసీదు గోడ తగాదా వచ్చినా, ఏ సాయిబు తోపుడు బండిని పడదోసినా అక్కడికి పోయేవాడు. సభల్లో మాట్లాడేవాడు. మాట్లాడటమంటే పాఠమే, రాజుల పేర్లు వరస తప్పకుండా చెప్పి, వెనక కూర్చున్నవాళ్లను లేపి ప్రశ్నలడిగేవాడు. అందుకే ఆయన సభల్లో వెనక వరసలు ఎప్పుడూ ఖాళీ. తిట్టేవాళ్లు ఆయన్ను ‘సాయిబురెడ్డి’ అని తిట్టేవారు. అది తిట్టెట్లా అవుతుందో తనకు అర్థం కాలేదనేవాడు, నిజంగానే అర్థం కానట్టు.

మా నాయనకు పత్తికొండ టమాటా మార్కెట్లో రైతుల సరుకు వేలం వేసి అమ్మిపెట్టే మండీ ఉండేది. పదిమందీ ఆయన మాట వినేవారు. ఒక ఏడాది కొందరు కుర్రకారు తిరిగి, సాయిబుల బండ్లకు సరుకు ఎత్తరాదని మార్కెట్లో కట్టడి పెట్టారు. తరతరాలుగా మాతో బేరం చేసినవాళ్లు గేటు బయట నిలబడిపోయారు. ఆ రోజుల్లో నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. చిన్నాయన పొద్దున్నే దిగాడు. నేను ఉగ్గాని పెడితే రెండు ముద్దలు తిని, ప్లేటు పక్కన పెట్టి మా నాయనను ఒక్కటే అడిగాడు. మార్కెట్లో నిలబడి, నా మండీలో ఎవరైనా కొనొచ్చని ఒక్క మాట చెప్పమన్నాడు. నువ్వు చెప్తే మిగతావాళ్లూ సర్దుకుంటారన్నాడు.

నాయన ఆ ప్లేటును మళ్లీ తమ్ముడి ముందుకు జరిపాడు. తర్వాత, “ఆ పేరు పెట్టుకోని నువ్వేం చెప్పినా వాళ్ల మనిషే అంటారప్పా. నీ తరపున నేను మాట్లాడితే నన్నూ అంటారు. ముందు పేరు మార్చుకోని రా” అన్నాడు.

“అమ్మ మొక్కుకోని పెట్టిన పేరు అది, అన్నా” అన్నాడు చిన్నాయన. గొంతు పెంచలేదు. చెప్పులు వేసుకొని పోయాడు. ఆ ఎండలో ఒక్కడే మార్కెట్టు గేటు దగ్గర కూర్చున్నాడని సాయంత్రానికి తెలిసింది. నాయన ఆ రోజు వెనక దారిన మండీకి పోయి, వెనక దారినే వచ్చాడు. ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. పెళ్లిళ్లలో ఒకరు పందిట్లోకి వస్తే ఇంకొకరు చేతులు కడుక్కోవడానికి లేచేవారు. నాకు ఇద్దరి మీదా కోపమొచ్చేది, నాయన మీద కొంచెం ఎక్కువ.

చిన్నాయన కర్నూలులోనే, గుండె ఆగి పోయాడు. ఆసుపత్రి వెనక శవాన్ని అప్పగించే గది దగ్గర ఒకవైపు ఆయన స్నేహితులు, ఎక్కువమంది ముస్లింలే, ఇంకోవైపు మేము, మా ఊరివాళ్లు, నాయన వెంట వచ్చిన మార్కెట్టు మనుషులు. అక్కడి ఉద్యోగి బయటికొచ్చి పేరు చదివి, నేరుగా వాళ్లవైపు తిరిగి, మీవాళ్లేనా, రాండి అన్నాడు. ఆ ఉర్దూ మాస్టారు పక్కకు జరిగి, మాట్లాడకుండా మా నాయనవైపు చూశాడు. నుదుట నామంతో, చేతికర్రతో నాయన ముందుకొచ్చాడు.

“నువ్వేమైతావు పెద్దాయనా? పేరు హుస్సేనప్ప అని ఉండాది” అన్నాడు ఉద్యోగి.

“హుస్సేనప్పే. నా తమ్ముడు. ఒక్క తల్లి కడుపున పుట్టినాం.”

అంత గట్టిగా నాయన మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. మార్కెట్టు మనుషులందరూ విన్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు. ఒకాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంకొకాయన వచ్చి నాయన మోచెయ్యి పట్టుకున్నాడు. అంతే జరిగింది. ఇన్నేళ్లూ నాయన భయపడిన మాట ఇంత సులువుగా నోట్లోంచి వచ్చేసిందా అని నాకు ఏడుపాగలేదు. నాయనకూ అదే అనిపించి ఉండాలి. లోపలికి పోయి తమ్ముడి ముఖం మీది గుడ్డ తీసి, నా తమ్ముడు, నా తమ్ముడు అని మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాడు. మనకు ధైర్యం వచ్చేదాకా కాలం ఆగి ఉంటుందనుకుంటాం గానీ, అది మన మాట వినాల్సిన మనిషిని వెంటబెట్టుకొని ముందే వెళ్లిపోతుంది.